తీనో తాత దుప్పటి పరీక్ష

మిట్టమధ్యాహ్నం, బయట జీప్నీ బస్సుల రేకులు కాగిపోతున్న వేళ, లోలో తీనో తన పనిబల్ల ముందు కూర్చుని తల మీంచి దుప్పటి కప్పుకునేవాడు. చలిజ్వరం వచ్చి కాదు. చూడవచ్చినవాళ్ళకి ముందొక దుప్పటి గుట్ట కనిపించేది, దాని కింద చెప్పుల్లేని రెండు పాదాలు. కాసేపటికి గుట్ట లోపల నారింజరంగు వెలుగొకటి మిణుక్కుమనేది. ఇంకాసేపటికి దుప్పటి అంచుల్లోంచి తెల్లటి ఆవిరి, ఇడ్లీ పాత్ర మూత సందుల్లోంచి వచ్చినట్టు, మెల్లగా పాకుతూ బయటికొచ్చేది.

"పరీక్ష చేస్తున్నా," అని ఎవరూ అడక్కముందే గుట్టలోంచి గొంతు వినిపించేది.

వంటగదిలో లోలా సెలింగ్ గరిటె గిన్నెకేసి ఒక్క దెబ్బ కొట్టేది. ఆ ఇంట్లో అదే జవాబు.

లోలో అంటే తాత, లోలా అంటే అమ్మమ్మ. మనీలా పక్కనున్న మైకవాయన్ ఊళ్ళో, ఆ సందులో చిన్నా పెద్దా అందరికీ వాళ్ళిద్దరూ తాతా అమ్మమ్మలే. వాళ్ళ కన్న పెద్దవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు గానీ వాళ్ళూ అలాగే పిలుస్తారు. తీనో అసలు పేరు ఫౌస్తినో. ఆ పేరు బాప్తిస్మమిచ్చిన రోజున ఒకసారి, పెళ్ళిరోజున ఒకసారి వినిపించి, తర్వాత ఎక్కడికో పోయింది.

ఆయన కంసాలి. అందులోనూ తీగపని. పోతపోసి చేసే నగల్ని ఆయన నగలుగా లెక్కపెట్టడు, వాటిని గిన్నెలంటాడు. బంగారాన్ని, వెండిని కమ్మెచ్చు చిల్లుల్లోంచి లాగి లాగి వెంట్రుకంత చేసి, రెండు తీగల్ని కలిపి పురిపెట్టి, చుట్టలు చుట్టి, వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంటని నాలుకలా సాగదీసి అతికించేవాడు. అలా తయారయ్యే తంబోరిన్ పూసలు లోపల డొల్లగా, బయట అల్లిక చేసిన బుట్టల్లా ఉంటాయి. పెళ్ళికూతుళ్ళ మెడల్లోకీ, చర్చిలో మేరీమాత మెడలోకీ వెళ్ళేవి. డబ్బా మీద మాత్రం దుకాణంవాడి పేరుండేది. అమ్మ విగ్రహం మెడలో తను చేసిన పూసలు చూపించి "అవి నావే" అంటే, పక్కన మోకరించినవాళ్ళు పాపం ముసలాయనకి మతి తప్పుతోందనుకునేవారు.

తర్వాత యంత్రాలొచ్చాయి. ఉదయం మైనం, మధ్యాహ్నం పోత, సాయంత్రానికి వంద పూసలు. తీనో బల్ల మీద దుమ్ము పడింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. పాన్సిత్ తినేటప్పుడు సేమియా పోగుల్ని ఫోర్కుకి ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా చుట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుని గానీ నోట్లో పెట్టుకునేవాడు కాదు. ఇంట్లో ఫోన్ చార్జర్ల తీగలన్నీ జడలయ్యాయి. ఒకరోజు సెలింగ్ ఆరేసిన ఉల్లికాడలకి కూడా పురిపెట్టేశాడు.

అవి చాలవన్నట్టు ఆయనకి రెండు నిషేధాలున్నాయి. ఒకసారి సెలింగ్‌కి ఛాతీలో నీరు చేరి ఆసుపత్రిలో పడుకుంటే, తీనో ఒబాండో చర్చి దాకా నడిచివెళ్ళి మేరీమాతకి మొక్కుకున్నాడు. "అమ్మా, ఆవిడ లేచి ఇంటికొస్తే ఇక జన్మలో సిగరెట్ వెలిగించను," అని. ఆవిడ లేచింది, ఇంటికొచ్చింది, వస్తూనే ఆసుపత్రి గంజిని తిట్టింది. ఈయన మాట నిలబెట్టుకుని, నోరూరుకోక చాక్లెట్లు, పాలకోవాలాంటి పస్తిల్యాస్ చప్పరించడం మొదలుపెట్టాడు. అంతలో డాక్టరు రక్తం పరీక్షించి తీపి కూడా మానమన్నాడు. అలా పొగ దేవతకీ తీపి డాక్టరుకీ పోగా, ఆయన నోటికి మిగిలింది సెలింగ్‌తో వాదన ఒక్కటే.

అలాంటి రోజుల్లో ఓమెంగ్ వచ్చాడు. జీప్నీలు ఆగేచోట వేప్‌లు, అంటే కరెంటు సిగరెట్లు, అమ్మే దుకాణం పెట్టిన కుర్రాడు. కుర్రాడంటే పెళ్ళయింది, పొట్ట కూడా వచ్చింది. మెళ్ళో గొలుసు తెగితే అతికించమని తెచ్చాడు. తీనో అతికిస్తుంటే ఊరికే కూర్చోలేక తన వేప్ పైమూత తీసి తుడుచుకుంటున్నాడు. లోపల, దూది కింద, స్ప్రింగులా చుట్టిన తీగ ముక్క కనిపించింది.

తీనో ఊదుగొట్టం పక్కన పెట్టాడు. కంటికి భూతద్దం బిగించుకుని ఆ స్ప్రింగు మీదికి వంగాడు.

"ఎవరు చుట్టారిది?"

"నేనే, లోలో. దీన్ని కాయిల్ అంటారండి. కరెంటు పారితే వేడెక్కి, దూదిలో ఉన్న లిక్విడ్‌ని ఆవిరి చేస్తుంది. లోపల రెండు లావు తీగలు, వాటి మీద సన్నతీగ చుట్టి..."

"చుట్టావా? కోడిపేగులు ఆరేసినట్టుంది."

ఓమెంగ్‌కి కోపం రాలేదు. వాళ్ళ దుకాణంలో నలుగురు చేరి గంటలకొద్దీ మాట్లాడుకునేది ఈ చుట్టడం గురించే. ఎవరి చుట్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎవరిది సందులు పడింది అని. మీరొకటి చుట్టి చూపించండి లోలో అని, జేబులోంచి బూడిదరంగు తీగ చుట్ట తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

మర్నాటికి తీనో కాయిల్ తయారుచేశాడు. అంత అందమైన కాయిల్ మైకవాయన్‌లోనే కాదు, మనీలాలో కూడా ఎవరూ చూసి ఉండరు. లోపల రెండు పోగులు అన్నదమ్ముల్లా పక్కపక్కన, వాటి మీద వెంట్రుకంత తీగ ఒక్క సందు లేకుండా, పైగా మెరుగుపెట్టి తళతళలాడుతూ. దుకాణంలో అందరూ ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. ఓమెంగ్ దాన్ని వేప్‌లో బిగించి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. బుల్లితెర మీద షార్ట్ అని రెండు మాట్లు వెలిగి ఆరిపోయింది.

"లోలో, నేనిచ్చిన తీగతోనే చుట్టారా?"

"అదా? ఆ మసిపట్టిన తీగా? ఛీ. వెండితో చేశాను."

దుకాణం దుకాణమంతా నవ్వింది. వెండిలో కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పరిగెత్తిపోతుందనీ, అందుకే అది వేడెక్కదనీ, యంత్రమే భయపడి ఆగిపోతుందనీ ఓమెంగ్ వివరించాడు. కాయిల్‌కి కావలసింది కరెంటుని పోనివ్వకుండా మొరాయించే తీగట. పోనివ్వనందుకే ఎర్రగా కాగుతుందట. తీనో శ్రద్ధగా విని, "తెలిసింది. మొండిదైతేనే వేడెక్కుతుంది. నలభై ఏళ్ళుగా ఇంట్లో చూస్తున్నదే," అన్నాడు. ఆ మాట ఆయన కన్న ముందే ఇల్లు చేరి సెలింగ్ చెవిన పడింది. ఆ సాయంత్రం ఎండుచేప ఒక్కటే దొరికింది, అన్నం అడుగున మాడిందే దొరికింది.

అక్కణ్ణుంచి ఆయన ఆ మసితీగని పెళ్ళాడాడు. ఓమెంగ్ వాళ్ళు డ్రిల్లు యంత్రానికి లోపలి పోగుల్ని బిగించి, రెండో కొస చేపల గాలానికి వాడే తిరుగుడు కొక్కేనికి తగిలించి, గిర్రున తిప్పుతూ పై తీగ వదులుతారు. కొక్కెం కూడా తిరుగుతుంది కాబట్టి పోగులు మెలిపడవు. తీనోకి ఆ కొక్కెం నచ్చింది. చేపలవాడికున్న బుద్ధి కంసాలికి లేకపోయిందే అని కాసేపు బాధపడ్డాడు. డ్రిల్లు మాత్రం నచ్చలేదు. పిచ్చికుక్కలా పరిగెడుతుందని దాన్ని ఓమెంగ్‌కే తిరిగిచ్చేసి, తన పాత చేతిమర తీశాడు. ఎడమచేత్తో పిడి తిప్పుతూ, కుడిచేతి బొటనవేలు గోటి మీంచి సన్నతీగని జార్చేవాడు. తీగ ఎంత బిగువుగా ఉందో గోరు చెప్పేది. ఎక్కడైనా చుట్టు మీద చుట్టెక్కితే కంటికి కనిపించకముందే గోటికి టిక్కుమనేది. అప్పుడాపి, వెనక్కి విప్పి, మళ్ళీ మొదలు.

అల్లినదాన్ని సన్నటి ఉక్కు కడ్డీకి చుడితే కాయిల్. దాన్ని బిగించి, మీట కాస్త నొక్కి వదిలి, నొక్కి వదిలి, వేడెక్కినప్పుడల్లా పింగాణీ మొనల పట్టకారుతో దగ్గరికి నొక్కాలి. ఇనుప పట్టకారైతే కరెంటు దానిలోంచీ పోతుంది. వెలుగు మధ్యలో పుట్టి రెండు వైపులకీ సమానంగా పాకాలి. ఒకచోట ముందుగా ఎర్రబడితే అక్కడ చుట్లు ఒరుసుకుంటున్నట్టు. పట్టకారు మొనతో వీణ మీటినట్టు మీటితే సర్దుకుంటాయి. ఈ వెలుగు సరిగ్గా కనిపించాలంటే చీకటి కావాలి. పగలు చీకటి ఎక్కడిది? అందుకే దుప్పటి. అంతవరకూ దుప్పటిలో ఏ దురుద్దేశమూ లేదు.

కాయిల్స్ బాగా పోయాయి. లోలో చుట్టినవి ఉన్నాయా అని బులకాన్ జిల్లా నలుమూలల నుంచీ అడిగి వచ్చేవారు. ఓమెంగ్ సంతోషం పట్టలేక ఒక వేప్, ఒక సీసా లిక్విడ్ బహుమానంగా ఇచ్చాడు. పస్తిల్యాస్ రుచి. అక్కడ దూరింది దురుద్దేశం.

సెలింగ్‌కి ముందు అనుమానమొచ్చింది పొగ మీద కాదు, తీపి మీద. భర్త మీసాల దగ్గర పాలకోవా వాసన. ఆవిడ నోరెత్తకుండా సోదా మొదలుపెట్టింది. పనిబల్ల సొరుగులు, ఊదుగొట్టాల డబ్బా, చివరికి చేతిమర పిడిలో కూడా మిఠాయి కోసం వెతికింది. ఒక్క కాగితం పొట్లం దొరకలేదు. దొరక్కపోయేసరికి ముసలాయన దొంగతనంలో ఇంత ఆరితేరాడా అని కొంచెం గౌరవం కూడా కలిగింది. ఆఖరికి ఒకనాడు దుప్పటి గుట్ట అంచున ఆవిరి చూసి, ముక్కు దగ్గర పెట్టి, దుప్పటి ఒక్క లాగు లాగింది. లోపల తీనో, బుగ్గలు పూరించుకుని.

పెద్ద వాదనే జరిగింది. సిగరెట్ వెలిగించనని మొక్కాను గానీ ఇందులో వెలిగించేదేముంది, అగ్గిపుల్ల ఉందా, బూడిద ఉందా అని ఆయన. "మేరీమాత వకీలు కాదు తీనో. ముక్కులోంచి తెల్లగా వస్తే పొగే," అని ఆవిడ. అప్పుడాయన తన తెలివంతా కూడగట్టుకుని, ఇది తాగడం కాదు, పరీక్ష అన్నాడు. చింతకాయ పులుసు ఉప్పు చూడకుండా దించుతావా అని అడిగాడు. చెడ్డ కాయిల్ ఇస్తే ఎవడి నోరో కాలుతుంది, ఆ పాపం ఎవరికి అని కూడా అడిగాడు.

పులుసు మాటకి సెలింగ్ మెత్తబడింది. పులుసు గురించి మాట్లాడినవాళ్ళని ఆవిడ ఎప్పుడూ కొంచెం నమ్ముతుంది. అదీకాక, బల్ల మీద దుమ్ము పడిన రోజుల్లో ఆ ఇల్లెంత నిశ్శబ్దంగా ఉండేదో ఆవిడకి గుర్తుంది. సరే, ఒక్కో కాయిల్‌కి ఒక్క గుక్క ఆవిరి, అదీ ఉప్పు చూసినంతే అంది. తీనో బుద్ధిగా తలూపాడు. ఆ వారం నుంచి ఆయన కాయిల్స్ చుట్టే వేగం చూసి ఓమెంగ్ ఆశ్చర్యపోయాడు.

ఇలా కొన్నాళ్ళు హాయిగా సాగేదే. కానీ ఒక ఉదయం తీనో కాలు బెణికి, కాయిల్స్ డబ్బా సెలింగ్ తీసుకెళ్ళవలసి వచ్చింది. ఓమెంగ్ కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, మర్యాద చేశాడు. ఆవిడ కాఫీ తాగుతూ మామూలుగా అంది, మా ఆయన పాపం ప్రతీదీ తానే పీల్చి పరీక్ష చెయ్యాలి, ఈ వయసులో ఎంత కష్టమో చూడు నాయనా అని.

ఓమెంగ్ చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది.

"పీల్చడమేమిటి లోలా? వెలుగు చూస్తే చాలు. దూది పెట్టకముందే, లిక్విడ్ పొయ్యకముందే అయిపోతుంది పరీక్ష." అని, తెల్లబోయిన మొహంతో అడిగాడు, "ఇవన్నీ... ఎంగిలివా?"

సెలింగ్ డబ్బాలోంచి ఒక కాయిల్ తీసి వెలుతురులో తిప్పింది. ఆవిడ కూడా కంసాలి ఇంట్లోనే పుట్టింది, పెళ్ళికి ముందు మెరుగుపెట్టే బల్ల దగ్గర పనిచేసింది. దాని మీద దూది తగిలిన మరక లేదు, లిక్విడ్ జిడ్డు లేదు. ఏదీ ఎంగిలి కాదు. అన్నిటి పేరు చెప్పి ముసలాయన పీల్చింది తన సొంత కాయిల్ ఒక్కటే.

"కావులే నాయనా, అమ్ముకో," అని చెప్పి ఇంటికొచ్చింది.

గరిటె మోగలేదు. వచ్చి పనిబల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. తీనో కాలికి నూనె రాసుకుంటూ ఆవిడ మొహం చూసి, రాయడం ఆపాడు.

"వెలుగు చూస్తే చాలట," అంది.

ఆయన నూనె సీసాకి మూత పెట్టాడు. మాట్లాడేందుకు పులుసు కూడా మిగల్లేదు.

"నాకు మళ్ళీ దగ్గు పట్టుకుంది తీనో. నీకు చెప్పలేదు. పొద్దున నీళ్ళు పట్టేటప్పుడు వస్తోంది. నువ్వు ఆ గుట్టలో కూర్చున్నప్పుడల్లా నేను వంటింట్లో అనుకుంటాను, ఇవాళ మొక్కు ఎంత తిన్నాడో, నా ఊపిరి ఎంత మిగిలిందో అని."

తీనో వెంటనే చెప్పబోయాడు, అలా లెక్కలుండవని, దగ్గుకి దుమ్ము కారణమని. ఆవిడ చెయ్యెత్తింది. ఉంటాయో లేదో తనకి అక్కర్లేదంది. ఇంకొక్కసారి ఆయన ముక్కులోంచి తెల్లగా వస్తే, బల్ల, కమ్మెచ్చు, చేతిమర, కొక్కెం అన్నీ పాతసామాన్లవాడి బండి ఎక్కుతాయని చెప్పింది. ఆవిడ కేకలేసి చెప్పినవి చాలాసార్లు జరగలేదు. మెల్లగా చెప్పినవి మాత్రం అన్నీ జరిగాయి.

ఆ మధ్యాహ్నమే ఆయన వేప్‌లోంచి దూది పీకేసి, లిక్విడ్ సీసా కాలువలో పారబోశాడు. పరీక్షలు దుప్పటి కిందే జరిగాయి గానీ అంచుల్లోంచి ఏమీ రాలేదు. ఆయనతో డాక్టరు దగ్గరికెళ్ళి సెలింగ్ దగ్గుమందు తెచ్చుకుంది. అంతా సర్దుకున్నట్టే. ఒక్కటే మిగిలింది, పోటీ.

ఊరి పండగకి వీధి పక్కన రేకుల కప్పున్న మైదానంలో కాయిల్ పోటీ పెడుతున్నారు. లోలో తీనో పేరు ఓమెంగ్ ఎప్పుడో ఇచ్చేశాడు. పైగా జీప్నీ స్టాండు దగ్గర మనిషెత్తు బ్యానరు కట్టించాడు. దాని మీద తీనో బొమ్మ, బొమ్మ కింద ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ముసలాయన రొట్టె కొనడానికి వెళ్ళే వంకన రోజూ ఆ దారినే వెళ్ళి, చూడనట్టుగా చూసి వచ్చేవాడు. ఇంట్లో రొట్టెలు పేరుకుపోయాయి.

పోటీ నియమం ఒకటే చిక్కు. చుట్టినవాడే దూది పెట్టి, లిక్విడ్ పోసి, అందరి ముందూ పీల్చి వదలాలి. చుట్టినవాడు నమ్మని కాయిల్‌ని ఇంకొకడెందుకు నమ్మాలని వాళ్ళ వాదన. వేరేవాళ్ళు పీల్చకూడదా అని తీనో అడిగించాడు, కుదరదన్నారు. నోట్లోకి వచ్చి ఛాతీలోకి పోని పొగ పొగ కిందికి వస్తుందా అని చర్చిలో ఫాదర్‌ని అడిగాడు. ఫాదర్ చాలాసేపు ఆలోచించి, ఏ రుచి అని అడిగాడట. మానుకుంటానని ఓమెంగ్‌తో చెప్పబోయాడు. బ్యానరు చూసి మానుకోవడం మానుకున్నాడు.

సెలింగ్ వెళ్ళొద్దనలేదు. "నీ పేరుంది కదా బ్యానరు మీద. వెళ్ళు. నేనూ వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను," అంది. వెళ్ళొద్దంటే ఆయనకి బాగుండేది.

పండగనాడు మైదానం నిండిపోయింది. ఒక పక్క వేయించిన పందితోలు అమ్మేవాళ్ళు, ఇంకో పక్క బ్యాండువాళ్ళు, మధ్యలో బల్లల వరస. తీనో పక్క బల్ల మీద వలెన్సువెలా నుంచి వచ్చిన జెర్విన్ అనే యువకుడు, చేతినిండా పచ్చబొట్లు. లోలో, కళ్ళజోడు తెచ్చుకున్నారా అని నవ్వుతూ అడిగాడు. తెచ్చుకున్నాను, నీ చుట్ల మధ్య సందులు చూడాలి కదా అన్నాడు తీనో. జెర్విన్ పెద్దగా నవ్వి, ఆయన కుర్చీ మీద తన దిండు వేశాడు.

ఈల వేశారు. డ్రిల్లులు కీచుమన్నాయి. తీనో చొక్కా జేబులోంచి తన తీగచుట్ట తీసి, చేతిమరకి బిగించి, తిప్పడం మొదలుపెట్టాడు. బ్యాండువాళ్ళు కూడా వాయించడం ఆపి చూశారు. ఆ గోటి మీంచి తీగ జారుతుంటే నీళ్ళు పారుతున్నట్టుంది. సెలింగ్ ముందు వరసలో, ఒళ్ళో సంచీ, సంచీ మీద చేతులు, చేతుల మీద జపమాల. ఆవిడ చూస్తున్నది ఆయన చేతుల్ని కాదు, ముక్కుని.

చుట్టడమయింది. ఆయన కాయిల్‌ని న్యాయనిర్ణేతలిచ్చిన వేప్‌లో బిగించాడు. మామూలుగా అందరూ ముందు వెలుగు చూసుకుంటారు. ఈయనా మీట నొక్కాడు.

వెలగలేదు.

మళ్ళీ నొక్కాడు. యంత్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తెర మీద షార్ట్ అని మిణుకుమంది. జెర్విన్ వంగి చూసి, మరలు బిగించారా లోలో అని నిజంగానే కంగారుపడ్డాడు. పెద్ద న్యాయనిర్ణేత వచ్చి కాయిల్‌ని దీపం కింద చూసి, "ఇది వెండి," అన్నాడు.

ముందు నవ్వింది ఓమెంగ్ దుకాణం మూక. తర్వాత మైదానమంతా. కంసాలి కంసాలే, చెయ్యి అలవాటు ఎక్కడికి పోతుంది అని ఎవరో అన్నారు. ఓమెంగ్ తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. వెలగని కాయిల్‌కి దూది అక్కర్లేదు, పీల్చడమక్కర్లేదు, కాబట్టి తీనోని పోటీలోంచి తప్పించినట్టు మైకులో చెప్పారు. చెప్పిన తర్వాత మాత్రం న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఆ కాయిల్‌ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ, భూతద్దంతో చూసుకుంటూ, తర్వాతి పోటీదారుణ్ణి కాసేపు మరిచిపోయారు. బహుమతి జెర్విన్‌కి వచ్చింది.

తీనో తల వేలాడేసుకుని నిలబడ్డాడు. మరీ ఎక్కువగా వేలాడేశాడు. పెళ్ళయిన కొత్తలో సెలింగ్ పుట్టింటివాళ్ళ బాతుని పందెంలో పోగొట్టి వచ్చి నిలబడినప్పుడు కూడా ఆ తల సరిగ్గా అంతే వేలాడింది. బాతు నిజంగా పందెంలో పోలేదనీ, స్నేహితులతో కలిసి వండుకు తిన్నాడనీ తర్వాత తెలిసింది.

సెలింగ్ లేచి న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికెళ్ళి, మా ఇంటి వస్తువు అని చెప్పి ఆ కాయిల్ అడిగి తీసుకుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రైసికిల్లో, మోటారుసైకిల్‌కి తగిలించిన పక్కబండిలో, ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఆవిడ అరచెయ్యి తెరిచి కాయిల్‌ని అటూ ఇటూ దొర్లించింది.

"కరెంటు పోయినప్పుడు ముట్టుకుని వెండేదో ఇత్తడేదో చెప్పేవాడివి."

"కళ్ళు, సెలింగ్. వయసైపోయింది."

"ముట్టుకోవడానికి కళ్ళెందుకు?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. జీప్నీ స్టాండు దాటుతున్నారు. బ్యానరు గాలికి ఒక కొస ఊడి, ఆయన బొమ్మ మొహం మీద పడి కొట్టుకుంటోంది. పేరు మాత్రం కనిపిస్తోంది. సెలింగ్ కూడా అటు చూసింది. కాసేపటికి ఆయన చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, సంచీ బరువుగా ఉంది, కాస్త పట్టుకో అంది. సంచీలో జపమాల తప్ప ఏమీ లేదు.

"ఇది ఒక చెవికే వస్తుంది," అంది ఇల్లు దగ్గరపడ్డాక. "రెండోది ఎప్పుడు చుడతావు?"

ఆ జత ఇప్పుడు ఆవిడ చెవులకుంది. ఆదివారం ప్రార్థనలో ఓమెంగ్ వాటిని చూసినప్పుడల్లా శిలువ గుర్తు వేసుకుంటాడు. ఊడిపోయిన బ్యానరు ఇంటికి తెచ్చి, పనిబల్ల చుట్టూ తెరలా కట్టారు. లోపల దుప్పటి అక్కర్లేనంత చీకటి. ఇప్పుడు మీట నొక్కేది సెలింగ్. తీనో బయట కూర్చుని ఒక్కో కాయిల్ అందిస్తాడు.

"ఎడమ పక్క ముందు వెలిగింది," అని తెర లోపలి నుంచి వినిపిస్తుంది.

"మీటు, సర్దుకుంటుంది."

"మీటాను. సర్దుకోలేదు. మళ్ళీ చుట్టు."

ముసలాయన గొణుక్కుంటాడు. ఆవిడ వినిపించేటట్టు గొణుక్కోమంటుంది. కాయిల్స్ గిరాకీ తగ్గలేదు, ఇంకా పెరిగింది. వెండి కాయిల్ చేసిన తాత అని ఇప్పుడందరికీ తెలుసు.

మొక్కుని నమ్మకానికి వదిలెయ్యడం మాత్రం సెలింగ్‌కి ఇష్టం లేదు. రోజూ సాయంత్రం భోజనానికి ముందు తీనో గడ్డం పట్టుకుని, మొహం పైకెత్తి, మీసం వాసన చూస్తుంది. కాఫీ వాసనైతే కంచం పెడుతుంది. వెల్లుల్లి వాసనైతే, వంటింట్లో ఏం దొంగిలించావని అడిగి మరీ పెడుతుంది.

ఒక సాయంత్రం మాత్రం ఆవిడ ముక్కు మీసం దగ్గరే ఆగిపోయింది. రెండోసారి పీల్చింది. పాలు, పంచదార. పస్తిల్యాస్.

ఆవిడ గడ్డం వదల్లేదు. చూపు మెల్లగా బల్ల మీదికి, కమ్మెచ్చు మీదికి, చేతిమర మీదికి వెళ్ళింది. వీధిలో పాతసామాన్లవాడు ఆ సమయానికే అరుచుకుంటూ వెళ్ళడం తీనో దురదృష్టం.

"పొగ కాదు సెలింగ్. ఒట్టు."

"మరి?"

తీనో బల్ల వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఎటు చూసినా నిషేధమే. చివరికి, పొగకన్న డాక్టరే మేలని నిర్ణయించుకుని, లేచి, గోడకున్న మేరీమాత పటం వెనక చెయ్యి పెట్టి, ఓ కాగితం పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అందులో సగానికి కొరికిన పస్తిల్యాస్ ముక్కొకటి, కొరకనివి కొన్ని.

సెలింగ్ పొట్లం విప్పి చూసింది. పటం వైపు చూసింది. ఆయన మీసం మరోసారి వాసన చూసింది. తర్వాత కొరికిన ముక్కని పళ్ళెంలో పెట్టి, కొరకనిది ఒకటి తన నోట్లో వేసుకుని, పొట్లం నడుముకి దోపుకుంది.

"నిజమే, పొగ కాదు," అంది నములుతూ. "అన్నానికి రా."